సుగుణక్క విడిగా పెట్టిన అప్లికేషన్

మొన్న ఒక బేకరీలో షాజీరా వేసి కాల్చిన నల్లరొట్టె వాసన తగిలింది. పశ్చిమ జర్మనీలో మూడేళ్లు తిన్న రొట్టె అది. అయినా నాకు ముందు గుర్తొచ్చింది ఆ దేశం కాదు, సుగుణక్క.  ఆ వెంటనే ఆమె మీద నాకున్న పాత అసూయ.

ఎనభైల మొదట్లో అమెరికాలో, న్యూయార్క్ దగ్గరి పార్సిప్పనీలో మావి పక్కపక్క అపార్ట్‌మెంట్లు. సుగుణక్కది బాపట్ల వైపు. ఆసుపత్రిలో నర్సు. నేను రంగుల కంపెనీ ల్యాబులో కెమిస్టుని. మా వారూ, ఆమె భర్త జోసెఫ్ గారూ ఒకే ఆఫీసు. ఇద్దరినీ పశ్చిమ జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కి బదిలీ చేశారు. అందరివీ ఇండియా పాస్‌పోర్టులే కనుక వీసాల కోసం కలిసి న్యూయార్క్ వెళ్లాం.

జర్మన్ కాన్సులేట్‌లో ఆఫీసరు మర్యాదగానే చెప్పింది: భార్యలు భర్తలతో వెళ్లి ఉండవచ్చు, కానీ ఉద్యోగం చేయకూడదు. వర్క్ పర్మిట్ అడగడానికే కొన్నేళ్లు ఆగాలి. నేను తలూపాను. సుగుణక్క ఊపలేదు.

“భార్యగా కాకుండా నర్సుగా వెళ్తే?” అని ఇంగ్లీషులో అడిగింది.

అయితే అక్కడి ఆసుపత్రి ఉద్యోగం ఇస్తామనాలి, ఆ పనికి స్థానికులు దొరకలేదని లేబర్ ఆఫీసు ఒప్పుకోవాలి, అంతవరకూ అమెరికాలోనే ఆగాలి అంది ఆఫీసరు.

తిరుగు ప్రయాణంలో కారులో ఉండబట్టలేక అన్నాను. “ఎందుకక్కా ఇంత రిస్క్? అన్నయ్యగారు ఒక్కరే ఎలా మేనేజ్ చేస్తారు?”

“వంట నేర్చుకుంటారులే. డిపెండెంట్ అని స్టాంప్ వేయించుకుని వెళ్తే, తర్వాత దాన్ని ఎవరు చెరిపేస్తారు శారదా?”



నేను ఉద్యోగం మానేసి మా వారితో వెళ్లిపోయాను. సుగుణక్క నర్సుగా విడిగా అప్లికేషన్ పెట్టి ఆగిపోయింది. మొగుణ్ణి ఒంటరిగా పంపిందని పార్సిప్పనీలో ఆమెను ఆడిపోసుకున్నారట. ఆమె సర్టిఫికెట్లు చాలవని ఒక జర్మన్ ఆసుపత్రి కాదంటే ఇంకో ఆసుపత్రికి రాసింది. డ్యూటీకి వెళ్తూ కారులో క్యాసెట్లు పెట్టుకుని జర్మన్ నేర్చుకుంది. పాపం అనుకున్నాను. ఆ పాపంలో కొంత సంతోషం కూడా ఉంది.

మరుసటి వసంతంలో వర్క్ పర్మిట్‌తో స్టుట్‌గార్ట్‌లో దిగింది. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, తెల్లబూట్లు విప్పి కూలబడింది.

“కాళ్లు లాగేస్తున్నాయే.”

నా కాళ్లు లాగడం లేదు. ఆ నొప్పి మీద కూడా నాకు అసూయ కలిగింది.

“ఇంట్లో ఉంటే ఈ బాధ ఉండేది కాదుగా” అన్నాను పుల్లవిరుపుగా.

ఆమె నిటారుగా కూర్చుంది. “నీ కెమిస్ట్రీ డిగ్రీ ఎక్కడుంది?”

“సూట్‌కేస్ అడుగున.”

“తియ్యి.”

ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. మర్నాడు లేబర్ ఆఫీసుకు వెంటబెట్టుకుని వెళ్లింది. గడువు తీరలేదన్నారు. మేం అమెరికాకి తిరిగొచ్చేదాకా తీరనే లేదు. ఆమె మాత్రం అక్కడే ఉండిపోయి, వార్డుకి హెడ్ నర్సయింది.

నేను మళ్లీ ల్యాబులో చేరిన కొన్నాళ్లకు మా వారికి ఇంకో రాష్ట్రంలోని ప్లేనోకి బదిలీ అయింది. ఈసారి, “మీరు ముందు వెళ్లండి. అక్కడ నాకు జాబ్ దొరికాక వస్తాను” అన్నాను. వేళాకోళమనుకుని నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆపేశారు. ఉద్యోగం దొరికాకే వెళ్లాను.

సుగుణక్క పోయి చాలా ఏళ్లయింది. నేనెవరికైనా ఎదురు ప్రశ్న వేసినప్పుడల్లా మా పిల్లలు “అమ్మకి భయం లేదు” అంటారు. ఉంది. నాది ఆమెను చూసి కుళ్లుకుంటూ కూడబెట్టుకున్న ధైర్యం. ఆమెకైతే ఎదురు ప్రశ్న తడుముకోకుండా నోటికొచ్చేది. అందుకే ఈనాటికీ ఆమె మీద నా అసూయ పోలేదు.