ఉప్పుకాగితం

నా చిన్నప్పుడు ఆదోనిలో మా నాయనకు ఒక అద్దె కారు ఉండేది. పేరుకే కారు. ముందు మడ్గార్డు సొట్టలు పడి, తలుపుల అడుగు తుప్పు పట్టి, ఎక్కిన వాళ్ళ పంచెలకు ఎర్ర మరకలు అంటించి పంపేది. అయినా మంత్రాలయానికీ ఎమ్మిగనూరుకూ మనుషులను తిప్పి మా ఇంట్లో పొయ్యి వెలిగించింది అదే. దాన్ని బయటివాళ్ళు ఒక్క మాటన్నా మా నాయన ఊరుకునేవాడు కాదు. తాను మాత్రం రోజూ తిట్టేవాడు.

ఒకసారి పెద్దకడుబూరులో పెళ్ళికొడుకును ఊరేగించడానికి ఆ కారునే మాట్లాడుకున్నారు. మా నాయనకు ఎక్కడ లేని రోషం వచ్చి, పెళ్ళి ఇంకా నాలుగు రోజులుందనగా మా వీధి చివర ఉండే రేకుల తాతను పిలిచాడు. కార్ల సొట్టలు తీయడం, తుప్పు తిన్న చోట కోసి కొత్త రేకు అతకడం ఆయన పని. ఊళ్ళో కార్లున్నవాళ్ళు ఆయన్నే నమ్మేవాళ్ళు, ఎందుకంటే ఆయన లప్పం పూసి సొట్టలు దాచేవాడు కాదు. రేకు వెనక ఇనుప దిమ్మ పట్టుకుని, ముందు నుంచి సుత్తితో నెమ్మదిగా కొడుతూ, మధ్య మధ్య కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరి చూసేవాడు. చేతికి తగలకపోతేనే సొట్ట పోయినట్టని ఆయన లెక్క.

మా ఇంటి ముందే రెండు రోజులు పని చేశాడు. కడుపునొప్పని బడి ఎగ్గొట్టి మరీ చూశాను నేను. రెండో రోజు సాయంత్రానికి నాలుగు తలుపులూ తోమిన గిన్నెల్లా తెల్లగా మెరిశాయి. పోతూ పోతూ తాత మా నాయనతో, "రేపు ఉప్పుకాగితంతో ఇంగోసారి రుద్ది రంగేస్తే అయిపాయె" అన్నాడు.

ఉప్పుకాగితమంటే గరుకు కాగితమని నాకప్పుడు తెలియదు. ఉప్పూ, కాగితమూ అనుకున్నాను. చింతపండూ ఉప్పూ వేసి ఇత్తడి బిందెలు తోమే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు అనుమానం ఎందుకొస్తుంది? అమ్మ చూడకుండా జాడీలోంచి రెండు గుప్పెళ్ళ కల్లుప్పు తీసి, తడిపిన పేపరులో చుట్టి, దీపాలు పెట్టే వేళకు నాలుగు తలుపులూ రుద్దేశాను. పొద్దున్నే నాయన చూసి మురిసిపోతాడని నా ఆశ.

తెల్లారి చూస్తే నాలుగు తలుపులూ ఎర్రగా తుప్పెక్కి ఉన్నాయి. అప్పుడే పెళ్ళివారి తరఫున ఒకాయన కారు చూసుకోవడానికి వచ్చాడు. ఆయన ముందు మా నాయనకు తల కొట్టేసినట్టయింది. రేకుల తాత వచ్చి సంచి కింద పెట్టకముందే ఆయన మీద విరుచుకుపడ్డాడు.

"ఏం పని సేసినావప్పా ఇది? ముసలోనివైపోతివి. సేత గాకుంటే సెప్పల్ల గదా!"

వీధిలో వాళ్ళు మూగారు. తాత తలుపు దగ్గర గొంతు కూర్చుని, ఆ తుప్పును వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి, గడపలో నిలబడ్డ నన్ను చూశాడు. నా చేతులు వాటంతట అవే వెనక్కి పోయాయి.

"నాదే పొరపాటప్పా. తడి తుడ్సకుండ పోయినా" అన్నాడు మా నాయనతో.

నేను నోరు తెరవలేదు. దెబ్బలు పడతాయని భయం ఉన్నమాట నిజమే. కానీ తప్పు నా మీద పడకుండా పోయినందుకు సంతోషం కూడా వేసింది. ఇన్నేళ్ళయినా నాకు సిగ్గుగా ఉండేది ఆ సంతోషాన్ని తలచుకునే.

తాత తలుపులన్నీ కడిగి పని మళ్ళీ మొదటి నుంచి చేశాడు. మధ్యాహ్నం నాయన లేనప్పుడు నన్ను పిలిచి, గరుకు కాగితం ముక్క ఒకటి చేతిలో పెట్టాడు.

"ఇదీ పాపా ఉప్పుకాగితం. ఉప్పు పేరులోనే ఉండేది" అని నవ్వాడు. తర్వాత తలుపు గీకుతూ అన్నాడు. "తుప్పు మీద లప్పం పూస్తే సూసేటోళ్లకు తెల్దు. లోపల తింటానే ఉంటాది. గీకల్ల."

ఆ మాట అని చేతిలో పని ఆపాడు. నాకోసమే ఆపాడని నాకు తెలుసు. ఆకలేస్తోందని చెప్పి నేను ఇంట్లోకి పరిగెత్తాను.

పెళ్ళి బాగానే జరిగింది. మా నాయన నోరే ఆగలేదు. ముసలాయనకు పని మీద ధ్యాస తప్పిందని బస్టాండు దగ్గర కార్ల వాళ్ళందరికీ చెప్పాడు. తాత ఇంటి ముందు కార్లు ఒక్కొక్కటే తగ్గిపోయి, చివరికి ఓటి బకెట్లు, ట్రంకుపెట్టెలు మిగిలాయి. బడికి పోవడానికి నేను వేరే వీధి పట్టుకున్నాను. కొన్నాళ్ళకు ఆయన కోసిగిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మా నాయనకు నిజం చెప్పేసరికి నేను ఇద్దరు పిల్లల తల్లిని. "నాకెందుకు సెప్తావు? ఆయప్పకు సెప్పల్ల" అన్నాడాయన. ఆయప్ప చనిపోయి అప్పటికే రెండేళ్ళయింది.

ఉప్పు తిన్నందుకు విశ్వాసం ఉండాలంటారు. ఆయన మా ఇంట తిన్నది వేలి కొనకు అంటిన ఉప్పు. దానికే నన్ను కాచి, తన పేరు పోగొట్టుకున్నాడు. ఇప్పుడు మా ఇంట్లో ఏది పాడైనా పనివాళ్ళను ఒక్క మాట అననివ్వను. ముందు పిల్లల చేతులు చూపించమంటాను. అవ్వకు చాదస్తమని మనవరాళ్ళు నవ్వుతూ చేతులు చాపుతారు. చూస్తూ చూస్తూ ఉండగా, నా చేతులే వెనక్కి పోతాయి.