లైట్‌హౌస్ ఎక్కిన గేదె

భుజంగరావు మాస్టారు ఏ బొమ్మ వేసినా అందులో ఒక గేదె ఉంటుంది. అదీ ఉండకూడని చోట ఉంటుంది. చెరువులోనో చేలగట్టు మీదో ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు, కృష్ణా జిల్లాలో గేదెను చూసి కంగారు పడేవాళ్లెవరూ లేరు. కానీ మాస్టారి గేదె డాబాల మీద ఉంటుంది. పడవ కొసన ఉంటుంది. పెళ్లి పందిట్లో పెళ్లికూతురి వెనక, ముత్తయిదువుల వరసలో ఉంటుంది. ఎక్కడున్నా దాని ముఖం ఒకటే, 'నేనిక్కడుంటే నీకేం నష్టం' అన్నట్టు.

ఆయన చల్లపల్లి అవతల ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక బందరులో స్థిరపడ్డారు. నేను బ్యాంకు గుమాస్తాను, నీటిరంగుల పిచ్చి ఉన్నవాణ్ని. బందరు, గుడివాడ, దివిసీమల్లో రంగులు పులుముకునే వాళ్లందరం కలిసి ఒక చిత్రకారుల సంఘం పెట్టుకున్నాం. నోరున్నవాడు అధ్యక్షుడయ్యాడు, స్కూటరున్న నేను కార్యదర్శినయ్యాను. ఏటా ఒక ప్రదర్శన పెట్టించడం, ఏటా మాస్టారి గేదెతో తగువు పడడం నా బాధ్యతలు.

మొదటి ఏడు ఆయన మంగినపూడి లైట్‌హౌస్ బొమ్మ తెచ్చారు. సముద్రం అద్భుతంగా ఉంది. ఆ ఇసక మీద ఎండ చూస్తేనే అరికాళ్లు చురుక్కుమంటాయి. తీరా తలెత్తి చూస్తే, పైన దీపం చుట్టూ ఉన్న వసారాలో గేదె నిలబడి ఉంది.

"మాస్టారూ, ఇది పైకెలా వెళ్లిందండీ?"

"మెట్లున్నాయిగా."

"ఆ మెట్లు మెలికలు తిరిగుంటాయండీ. మనిషే ఒంగి ఎక్కాలి."

"అందుకే అలిసిపోయి నిలబడింది పాపం."

"మరి కిందికెలా దిగుతుంది?"

"అది గేదె చూసుకుంటుంది. నీకెందుకు?"

వచ్చిన జనమంతా ఆ బొమ్మ దగ్గరే మూగారు. నేను ఆర్నెల్లు కూర్చుని వేసిన బందరు కోట ముందు ఒకే ఒక్కాయన చాలాసేపు నిలబడ్డాడు. నాకు సంతోషమేసి దగ్గరకెళ్తే, చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంటున్నాడు.

మరుసటి ఏడు గుడివాడలో పెట్టాం. ఈసారి పూలకుండీలు, పళ్లు, గిన్నెలు తప్ప ఇంకేమీ వెయ్యకూడదని అందరికీ గట్టిగా చెప్పాను. మాస్టారు మాట తప్పలేదు. ఇత్తడి చెంబు, పక్కన చక్రకేళీ అరటిపళ్లు, కుండీలో బంతిపూలు. వెనకాల ఒక కిటికీ. కిటికీలోంచి అరటిపళ్ల వంక చూస్తూ గేదె.

"కిటికీ వేశాక అందులోంచి ఏదో ఒకటి కనబడాలి కదయ్యా!" అన్నారు.

"ఆకాశం కనబడచ్చుగా?"

"కనబడేదే. గేదె అడ్డొచ్చింది."

ఆ తర్వాతి ఏడు నాకు పట్టుదల పెరిగింది. 'జంతువులు నిషేధం' అని కరపత్రం మీద అచ్చు వేయించాను. ఆయన అవనిగడ్డ బజారు బొమ్మ తెచ్చారు. రెండంతస్తుల మేడ, దాని పిట్టగోడ పక్కన గేదె.

"ఇది జంతువు కాదు. సిమెంటు బొమ్మ. పాలకేంద్రం వాళ్లు పెట్టించుకున్నారు."

"సిమెంటు బొమ్మ నెమరు వేస్తుందాండీ?"

"మేస్త్రీ పనిమంతుడు."

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో పడింది, 'బందరులో ఆకట్టుకున్న గేదె' అని. సంఘంలో మిగతావాళ్లమందరం కలిసి చివరి వాక్యంలో 'తదితరులు' అయ్యాం. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకా మండింది ఎందుకంటే, మీటింగులో నేనెంత గోల పెట్టినా సగంమంది నోరు విప్పరు. కోశాధికారి మీరా సాహెబ్, రోల్డుగోల్డు నగల వ్యాపారి, మామూలుగా పావలా దగ్గర కూడా పేచీ పెట్టే మనిషి, గేదె మాటెత్తగానే "పోనీలెండి సార్, నోరులేని జీవం" అంటాడు. గుడివాడ వెంకటాద్రి అయితే పైన తిరగని ఫ్యాను వంక చూస్తూ కూర్చుంటాడు.

రెండువేల రెండులో మా సంఘానికి మంచి రోజులు వచ్చేలా కనిపించాయి. హైదరాబాదులో గ్యాలరీ నడిపే ఒక పెద్దమనిషి ముఖ్య అతిథిగా రావడానికి ఒప్పుకున్నాడు. మా బొమ్మలు నచ్చితే మొత్తం సంఘానికి అక్కడ ప్రదర్శన ఏర్పాటు చేస్తానన్నాడు. కల్యాణమండపాల్లో, పాత పెళ్లిళ్ల థర్మోకోలు అక్షరాల మధ్య బొమ్మలు తగిలించుకునే మాకు అదెంత మాటో వేరే చెప్పాలా? నేను ఆ సాయంత్రమే మాస్టారి ఇంటికి పరిగెత్తాను.

"ఈ ఒక్కసారికి గేదె వద్దండీ. మీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లెందుకు, కాఫీ తాగు."

కాఫీ తెచ్చిన మాణిక్యమ్మగారు నా పక్షమే. "చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది బాబూ. ఇంట్లో పాలు కొనుక్కుంటున్నాం. ఈయనకి మాత్రం ఊరినిండా గేదెలు!"

మాస్టారు మీసం తుడుచుకుని, "ఈ ఏడు ఇంతవరకూ గేదె అవసరం పడలేదులే సెక్రటరీ" అన్నారు. అవసరం పడడమేమిటో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. మాట తీసుకుని వచ్చేశాను.

ప్రదర్శన రోజు పొద్దున్నే మండపం వాళ్లు గోడలకి మేకులు కొట్టడానికి వీల్లేదన్నారు. పరదాల కమ్మీలకి దారాలు కట్టి బొమ్మలు వేలాడదీశాం. ఫ్యాను వేస్తే బొమ్మలన్నీ గోడవైపు తిరిగిపోతున్నాయి, కట్టేస్తే మనుషులు ఉడికిపోతున్నారు. బొమ్మల కోసం మనుషులు ఉడకాలని తీర్మానించాను. మాస్టారు నాగాయలంక రేవు బొమ్మ తెచ్చారు. కళ్లజోడు పెట్టుకుని మూలమూలా వెతికాను. తిప్పి వెనక కూడా చూశాను. గేదె లేదు. నాకు ఆయన్ని కావలించుకోవాలనిపించింది.

మధ్యాహ్నం అవనిగడ్డ నుంచి రాహేలు వచ్చింది. అంగన్వాడీ టీచరు, ఆ ఏడే సంఘంలో చేరింది. తనంతట తానే నేర్చుకుని వేసిన మొదటి తైలవర్ణ చిత్రం, కాలవని ఏటి మీదుగా దాటించే పులిగడ్డ అక్విడక్టు మీద సూర్యోదయం. ముందురోజు రాత్రే పూర్తి చేసి, దుమ్ము పడకుండా పేపరు చుట్టి, కిక్కిరిసిన బస్సులో గుండెలకి హత్తుకుని తెచ్చింది. నూనెరంగు ఆరడానికి రోజులు పడుతుందని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. చల్లపల్లిలో ఎక్కిన జనం ఆ పేపరునీ బొమ్మనీ కలిపి ఏకం చేశారు.

పేపరు లాగితే ఆకాశంలో పెద్ద ముక్క కూడా దాంతోపాటు వచ్చేసింది. రంగు మిగిలిన చోట పేపర్లో అక్షరాలు దిగిపోయాయి. సూర్యుడు ఉండాల్సిన చోట ఏదో టెండరు ప్రకటన అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది.

రాహేలు వేదిక మీద పెళ్లికొడుకు కుర్చీలో కూలబడిపోయింది. "మా అత్తమ్మ నాలుగింటికి వస్తారండీ. ఒక్కసారి వచ్చి చూస్తాను, నలుగురిలో పెట్టే బొమ్మయితే వేసుకో, కాకపోతే ఆ రంగుల డబ్బాలు తీసేసి అక్కడ బియ్యం బస్తా పెట్టుకుంటానన్నారు. ఇంక నేను బ్రష్షు ముట్టుకోనండీ."

నాకు జాలేసింది, కానీ కోపమే ముందు వచ్చింది. అతిథి కూడా నాలుగింటికే వస్తున్నాడు. "ఇది తగిలించడానికి వీల్లేదమ్మా. వచ్చే ఏడు చూద్దాం" అన్నాను.

మాస్టారు నన్ను పక్కకి జరిపి, బొమ్మని దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు. "చాలా మంచి చోట పోయింది" అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "మాస్టారూ, వద్దు. మాటిచ్చారు!"

"నేనెక్కడ వేస్తున్నానయ్యా? అమ్మాయి వేస్తుంది."

"గేదెనేనా?"

"అంత మచ్చని ఏనుగు కూడా కప్పుతుంది. కానీ పులిగడ్డలో ఏనుగు పెడితే ఎవరైనా నమ్ముతారా?"

"అక్విడక్టు గోడమీద గేదెని నమ్ముతారా?" నా గొంతు మండపమంతా వినబడింది. "ఈ గేదెల పిచ్చి మీతో పోకుండా కొత్తవాళ్లకి కూడా అంటిస్తారా?"

అప్పుడు మీరా సాహెబ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "సార్, కోప్పడకండి. ఆ లైట్‌హౌస్ మీది గేదె నాది."

"నీదేమిటి?"

"దాని కింద నా టీ ఉంది సార్. మొదటిసారి క్యాన్వాసు కొనుక్కుని, సగం బొమ్మ వేసి, పైకొస మీద టీ పారబోసుకున్నాను. ఇంక ఈ గొడవ మనకొద్దని కట్టిపెట్టేద్దామనుకున్నా. మాస్టారు ఆ పాడైంది తీసుకుని, తన కోసం తెచ్చుకున్న కొత్త క్యాన్వాసు నాకిచ్చారు. మరక ఉన్నచోట గేదెని పెట్టి, గేదె అంత ఎత్తున ఎందుకుందో చెప్పడానికి కింద లైట్‌హౌస్ వేశారు."

వెంకటాద్రి గొంతు సవరించుకున్నాడు. "కిటికీలో గేదె నాదండీ. మా ఆవిడ నా క్యాన్వాసు మీద ఇస్త్రీపెట్టె పెట్టింది."

ఆ వెనక నుంచి ఎవరో, "సిమెంటుది నాది" అన్నారు.

ఇన్నేళ్లూ ఈయన ముందు గేదెని వేసి, తర్వాత దాని చుట్టూ ఊరు కట్టుకుంటూ వచ్చారన్నమాట! ఆ ఊళ్లు చూసి మేమంతా ఈర్ష్యపడ్డాం.

"ఇంతకాలం ఈ ముక్క నాతో ఎందుకు చెప్పలేదండీ?" అని అరిచాను. అప్పటికీ నా కోపం తగ్గలేదు, కాకపోతే ఎవరిమీదో తెలియలేదు.

"చెబితే వీళ్లని చూసి నవ్వుతారు. చెప్పకపోతే నన్ను చూసి నవ్వుతారు. నా పెన్షనేమైనా ఆగిపోతుందా?" అంటూ మాస్టారు రంగుల పెట్టె విప్పి, నలుపు గొట్టం రాహేలు చేతిలో పెట్టారు. "కొమ్ముల దగ్గర భయపడకమ్మా. గేదె ఎలా వేసినా గేదెలాగే ఉంటుంది."

నాలుగు కొట్టే వేళకి అక్విడక్టు గోడమీద, గులాబిరంగు వేకువలో, ఒక గేదె దర్జాగా నిలబడి ఉంది. పచ్చిపచ్చిగా, నల్లగా నిగనిగలాడుతోంది. నేనే దారం కట్టి తగిలించాను.

అతిథీ అత్తగారూ గుమ్మం దగ్గర ఒకేసారి దిగారు. ఆయన మల్లెపువ్వులాంటి లాల్చీ, ఆవిడ చేతిలో బుట్ట. ఆయన బొమ్మలన్నీ చూసుకుంటూ వచ్చి రాహేలు బొమ్మ ముందు ఆగి, "వర్క్ బాగుంది. మరి ఇక్కడ ఈ గేదె దేనికండీ?" అని నన్నడిగాడు.

అందరూ నా వంకే చూశారు. హైదరాబాదు కళ్లముందు కదిలింది. తీరా నోరు తెరిస్తే, "అది ఉండాలండీ. అది లేకపోతే మా సంఘమే లేదు" అన్నాను. ఆ మాట నేనే అన్నానని నమ్మడానికి నాకే కాస్త టైము పట్టింది.

ఆయన తృప్తిపడినట్టు లేదు. అత్తగారు మాత్రం ఆయన్ని మోచేత్తో జరిపి ముందుకొచ్చింది. బొమ్మని ఎగాదిగా చూసింది.

"ఏమే రాహేలూ, ఇది నువ్వే ఏశావా?"

"అవునత్తమ్మా."

"ఆ ఆకాశం సంగతి నాకు తెలీదుగానీ, గేదె మా బాగా కుదిరింది. చూపు చూడు, అచ్చం మన దాని చూపే. పొదుగొక్కటీ మరిచావు." ఒక్క క్షణం ఆగి, "బియ్యం బస్తా మంచం కింద పెట్టుకుందాంలే" అంది.

రాహేలు ఏడుస్తూ నవ్వింది. మాస్టారు ముక్కు చీదుకుని అటు తిరిగారు. అతిథిగారికి చెమటలు పడుతున్నాయని, ఆ సంతోషంలో మీరా సాహెబ్ ఫ్యాను వేశాడు.

బొమ్మలన్నీ గిరగిరా తిరిగాయి. రాహేలు బొమ్మ దారం మీద వెనక్కెళ్లి, ముందుకొచ్చి, అతిథిగారి భుజాన్ని ఫట్టున తాకింది. ఫ్యాను కట్టేసరికి బొమ్మలో గేదె కాస్త పలచబడింది. తెల్లటి లాల్చీ మీద, భుజం వెనక, అరచేయంత నల్లమచ్చ మిగిలింది.

నేను క్షమాపణల కోసం వెతుక్కుంటుంటే మాస్టారు జేబులోంచి సన్నబ్రష్షు తీసి రాహేలుకి అందించారు.

"కదలకండి బాబూ. గేదె ఒళ్లు వచ్చేసింది. కొమ్ములూ తోకా పెడితే చాలు."

అతిథి మెడ తిప్పి మచ్చని చూసుకున్నాడు. మాస్టారిని చూశాడు. గోడమీద గేదెని చూశాడు. పెదవుల చివర ఏదో కదిలింది.

"తోక ఎటువైపు వస్తుంది?" అన్నాడు.

"పొదుగు మరిచిపోకే!" అంది అత్తగారు.

హైదరాబాదు మాట అడగడానికి అది సమయం కాదు. ఎందుకంటే లాల్చీ ముడతలు పడకుండా దాని అంచు పట్టుకుని నిలబడింది నేనే.

"కొంచెం బిగించి పట్టుకో సెక్రటరీ, కొమ్ము వంకరపోతోంది" అన్నారు మాస్టారు.

బిగించి పట్టుకున్నాను.