చల్లారకముందే

ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఆవిడని అందరూ పెద్దగరిటె అంటారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గాని, ఆ పట్టీ చదివే గుమాస్తాకి కూడా ఆవిడ పెద్దగరిటే. ఇరవై ఆరేళ్ళుగా రోజూ రెండువందల ఇరవై మందికి వండి పెడుతోంది. మూడు పెద్ద పొయ్యిలు, పొడుగాటి స్టీలు కౌంటరు, ఆవిరికి ఎప్పుడూ చెమటలు కక్కే కిటికీ అద్దాలు. ఇదీ ఆవిడ రాజ్యం.

ఆ క్యాంటీన్‌లో ఒక పద్ధతి ఉంది. ఆఖరి షిఫ్టులో ఆఖరి మనిషి తిని లేచేదాకా వంటమనిషి మెతుకు ముట్టకూడదు. ఎవరికైనా తక్కువ పడితే తన వాటా తీసి వడ్డించేయాలి. ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడెవరో గాని జన్మలో పొయ్యి వెలిగించి ఉండడు. ఇంటికొస్తే అత్తగారు, భర్త, ఇద్దరు కూతుళ్ళు, మరిది కుటుంబం. అక్కడ దాన్ని పద్ధతి అని ఎవరూ అనరు. జరిగేది మాత్రం అదే.

అలా యాభై ఒకటో ఏడు వచ్చేసరికి ఆవిడ తన జీవితంలో ఒక్కసారి కూడా పొయ్యి మీంచి దించింది దించినట్టు వేడివేడిగా తినలేదు. రుచి చూడటానికి అరచేతిలో వేసుకునే చుక్క లెక్కలోకి రాదు.

టీవీలో ఆ పోటీ గురించి చెప్పింది మరిది కూతురు. పదిమందిని చలిదేశపు అడవిలో, ఓ సరస్సు చుట్టూ, ఒకరికొకరు కనిపించనంత దూరంలో వదిలేస్తారు. తిండి ఎవరిది వాళ్ళే వెతుక్కోవాలి, కెమెరా కూడా ఎవరిది వాళ్ళే పట్టుకోవాలి. ఎక్కువ రోజులు నిలబడ్డవాళ్ళు గెలిచినట్టు. పిల్ల సరదాకి పెద్దమ్మ పేరు మీద దరఖాస్తు పంపింది. పిలుపొచ్చింది.

"ఎందుకు రావాలనుకుంటున్నారు?" అని అడిగారు ఇంటర్వ్యూలో.

"అక్కడ ఎవరూ ఉండరటగా. వండుకున్నది వండుకున్నట్టు వేడిగా తినొచ్చని."

వాళ్ళు పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వడంలేదని కాస్త ఆలస్యంగా చూసుకుని, ఎంపిక చేశారు.

"ఆకలితో మాడటానికి అంత దూరం పోవాలా? ఇంట్లోనే పస్తుంటే పోలేదూ," అంది అత్తగారు.

"మరి మాకెవరు వండుతారు?" అన్నాడు భర్త.

"మీరే," అందావిడ. అది హాస్యమనుకుని అందరూ నవ్వేసి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.

సరస్సు దగ్గర మొదటి వారం ఆవిడకి నిద్రలో నడిచినట్టే గడిచింది. నీళ్ళ మీద తెల్లటి పొగమంచు లేచేది. మూడు పొయ్యిలూ ఒక్కసారి పొంగితే వచ్చే ఆవిరిలాగే ఉండేది, కాకపోతే చప్పుడు లేదు. గిన్నెల మోత లేదు, ఎవరూ పిలవరు. పలుచటి ఎండ పన్నెండింటికి వచ్చి మూడింటికి పోయేది. ఆవిడ గుడారం ముందు కూర్చుని అలా చూస్తూ ఉండిపోయేది. ఆకలి కూడా ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఎవరికో వేస్తున్నట్టుండేది.

తొమ్మిదో రోజు గాలానికి మొదటి చేప పడింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. శుభ్రం చేసి, కుండలో నీళ్ళు మరిగించి, ముక్కలు వేసి, వెంట తెచ్చుకున్న ఉప్పు సంచీలో చెయ్యి పెట్టింది. చేతికి ఒకటే కొలత తెలుసు. నిండు పిడికెడు తీసి గుమ్మరించింది. చూసుకునేసరికి కరిగిపోయింది. నోట్లో పెట్టుకుంటే విషం. ఇన్నేళ్ళ వంటమనిషి ఒక్క మనిషికి ఉప్పు వెయ్యలేకపోయింది. కెమెరా ముందు కూర్చుని, "నా చేతికి నేనెవరో తెలీదమ్మా," అంది, కోపంగా.

రెండో చేపకి ఉప్పు రెండు వేళ్ళతో వేసింది. చారు అద్భుతంగా కుదిరింది. దించి, మూత పెట్టి, పక్కన నిలబడింది. ఎంతసేపు నిలబడిందో తెలీదు. అందరి భోజనాలూ అయితే తిందామన్నట్టు నిలబడింది, అంతే. గుర్తొచ్చి మూత తీసేసరికి పైన తెట్టు కట్టింది. ఆ చల్లటి చారు తాగుతూ ఆవిడ మొదటిసారి ఏడ్చింది.

పది రోజులకోసారి పడవలో డాక్టరమ్మ, కెమెరా అబ్బాయి వచ్చి బరువు చూసి వెళతారు. ఇరవయ్యో రోజు బరువు ముల్లు చూసి డాక్టరమ్మ పెదవి విరిచింది.

"ఇంకో రెండు కిలోలు తగ్గితే వెంట తీసుకెళ్ళిపోతామమ్మా. రూలు మరి."

గెలుపు సంగతి ఆవిడకి గుర్తే లేదు. పది రోజులున్నాయి, ఈలోగా ఒక్క పూట వేడిగా తినాలి. ఇప్పుడు కాకపోతే ఇంటికెళ్ళాక జరిగే పని కాదని ఆవిడకి బాగా తెలుసు.

ఆ పది రోజులూ చేప పడితే ఒట్టు. ఏవో పళ్ళు, ఆకులు ఉడికించుకుంది. అవి కూడా ఆలోచనల్లో పడి చల్లారబెట్టేది. పొద్దున్నే పొగమంచులో ఒడ్డున ఉన్న చెట్లు కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డ మనుషుల్లా కనిపించేవి. నీరసం అనుకుంది ముందు. తరవాత అలవాటైపోయి పలకరించడం మొదలుపెట్టింది. "మీకేం కావాలి? నా దగ్గరేం లేదు, చూస్తున్నారుగా," అనేది. చెట్లు కదిలేవి కావు. రెండువందల ఇరవై మంది అంత ఓపికగా నిలబడటం ఆవిడ ఎన్నడూ చూడలేదు. వాళ్ళు ఏమీ అడగడంలేదని కనిపెట్టడానికి నాలుగు పొద్దులు పట్టింది. నిజానికి క్యాంటీన్‌లోనైనా ఎవరైనా ఎప్పుడైనా అడిగారా అని ఆలోచిస్తే గుర్తు రాలేదు. అడగకముందే పెట్టేయడం తనకలవాటు.

ముప్పయ్యో రోజు పొద్దున గాలం బరువుగా లాగింది. మోచెయ్యంత చేప. కోసి, కుండలో వేసి, మంట ఎగదోసింది. కుతకుతా ఉడుకుతోంది. సరిగ్గా దించే వేళకి సరస్సు మీద మోటారు పడవ చప్పుడు.

డాక్టరమ్మ బరువు చూసే బల్ల చంకన పెట్టుకుని దిగింది. వెనకాల కెమెరా అబ్బాయి. ఇద్దరూ చలికి బిగుసుకుపోయి ఉన్నారు. అతని చూపు కుండ మీదకి వెళ్ళింది, గుటక మింగాడు.

"రండమ్మా, బల్ల ఎక్కేద్దాం," అంది డాక్టరమ్మ.

ఆవిడ మోకాళ్ళు వాటంతటవే లేచాయి. చెయ్యి అప్పుడే గరిటె మీదుంది. కళ్ళు లెక్క కట్టేశాయి. ఇద్దరు మనుషులు, ఒక కుండ, తన వాటా పోతుంది. పోటీవాళ్ళ తిండి ముట్టకూడదని వాళ్ళకి రూలుందని తెలిసి కూడా చెయ్యి ఆగలేదు. గరిటె సగం లేపి, అక్కడ ఆపింది. ఆపడం కష్టమైంది, భుజం నొప్పెట్టింది.

తిరిగి కూర్చుంది.

"కాసేపు ఆగండి డాక్టరమ్మా. నేను తింటున్నాను."

ఆ మాట ఆవిడ నోటికి కొత్త. డాక్టరమ్మ ఆవిడ మొహం చూసి, బల్ల ఇసుకలో పెట్టింది.

మొదటి గుక్కకి నాలుక చురుక్కుమంది. వేడి ఇన్నేళ్ళూ చేతులకే తెలుసు, నోటికి తెలీదు. గొంతులోంచి కడుపులోకి వేడి ఎక్కడెక్కడ దిగుతోందో తెలుస్తోంది. కళ్ళంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. ఇంకో గుక్క, ఓ ముక్క, ఇంకో గుక్క. ఆ బల్ల ఎక్కితే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. ఆవిడ తొందరపడలేదు. ఇద్దరు మనుషులు నిలబడి తనకోసం ఎదురుచూస్తుంటే కుండలోంచి ఆవిరి ఇంకా లేస్తూనే ఉంది, ఆవిడ మళ్ళీ వడ్డించుకుంది.