మంజుల పుస్తకంలో ఎర్ర చుక్కలు

దగ్గరికి జరిగి కూర్చోండి, కాళ్ళు చాపుకున్నా పర్వాలేదు. పోయిన నెల ఒక ఆదివారం మా చెల్లెలి కూతురు మంజులను పరీక్షకు అనంతపురం తీసుకుపోయి వచ్చాను. పోను రెండు బస్సులు, రాను రెండు బస్సులు, అంతే. ఆ కొంచెం దారిలోనే నేను చేసిన తప్పు రెండుసార్లు నాకు తెలిసివచ్చింది. మీ ఇళ్ళలోనూ చదువుకునే పిల్లలున్నారు కాబట్టి చెబుతున్నాను.

మంజుల వాళ్ళమ్మ లక్ష్మి, నా చెల్లెలు, బెంగళూరులో కట్టడాల దగ్గర ఇటుకలు మోస్తుంది. వజ్రకరూరు దగ్గర మా ఊళ్ళో మంజుల నా దగ్గరే ఉండి డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. సర్కారు ఉద్యోగానికి రాతపరీక్ష పడింది. ఇది గట్టెక్కితే లక్ష్మి తట్ట దించి ఇంటికి రావచ్చు. అడ్డమల్లా ఒకటే, మూడేళ్ళుగా ఈ పిల్లకు ఒంటిపక్క తలనొప్పి. వస్తే కన్ను తెరవలేదు, వెలుతురు ఓర్చలేదు, వాంతి చేసుకుంటుంది.

దానికి నేను చేయని వైద్యం లేదు. అరికాలి వేడి తలకెక్కుతుందని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. అందుకని రాత్రిపూట కాళ్ళకు ఆముదం రాశాను. మొన్న ఉరవకొండ సంతలో మూడువందల యాభై పెట్టి నల్ల బూట్లు కొన్నాను, పరీక్షనాడు వేడి పైకి ఎక్కకుండా. అన్నిటికంటే పెద్ద వైద్యం ఒక్కపొద్దు. నొప్పి పోయేదాకా మంజుల శనివారాలు ఉంటుందని మూడేళ్ళ కిందట ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. మాకు శనివారం ఒక్కపొద్దంటే మధ్యాహ్నం ఒకపూట తినడం, మళ్ళీ ఆదివారం స్నానం చేసి గుడిలో టెంకాయ కొట్టాకే మెతుకు ముట్టడం.

మా ఊరి నుంచి మొదటి బస్సు అయిదుంబావుకు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు డబ్బు లేని టికెట్టే ఇస్తారు, కార్డు మరవకండి. ఆ వేళకు గుడి తెరవరు. పరీక్ష అయ్యాక అనంతపురంలోనే ఏదో ఒక గుడిలో కాయ కొట్టి తిందామని చిత్రాన్నం డబ్బాలో కట్టుకున్నాను. ఆరుంబావుకు ఉరవకొండలో దిగాము. నేను టీ తాగాను, పది రూపాయలు. మంజుల తాగలేదు. ఒక్కపొద్దు కదా.

ఆరున్నరకు అనంతపురం బస్సు దొరికింది. కండక్టరు ఆడమనిషి, నలభై ఏళ్ళుంటాయి. పేరు రేణుక అని తర్వాత తెలిసింది. టికెట్టు చించుతూ మంజుల కాళ్ళు చూసింది.

"ఏం పాపా, అప్పుడే ఆఫీసరు బూట్లు తొడిగినావు? ఉద్యోగం వచ్చినాక కదా తొడిగేది."

"మా పెద్దమ్మ వైద్యం ఇది," అంది మంజుల.

వెనక సీట్లో వేరుశనగ బుడ్డల మూట మీద కాళ్ళు పెట్టుకున్న ముసలాయన నవ్వాడు. "పరీక్షకు పోతాండావా? అయితే చెప్పు, వాన ఎప్పుడొస్తాది?"

"అది సిలబస్‌లో లేదు తాతా."

"అదే లేకుంటే ఇంకేం చదువమ్మా అది."

మంజుల ఒక లావుపాటి నోటుపుస్తకం తీసింది. మూడేళ్ళుగా ఏ రోజు వార్త ఆ రోజు తేదీ వేసి రాసుకుంటుంది, కరెంట్ అఫైర్స్ అంటారట. కొన్నిచోట్ల పేపరు బొమ్మలు కత్తిరించి అతికించింది. ఒక బొమ్మ నాకు చూపించింది. ఎండిన చేను చూడడానికి ఎవరో పెద్దవాళ్ళు వచ్చారు.

"కాళ్ళు మాత్రం చూడు పెద్దమ్మా. కరువు చూసేదానికి వచ్చినోళ్ళందరికీ బూట్లుండాయి. చూపించేటాయనకు చెప్పులు గూడా లేవు. నాకు తల నొప్పి లేనప్పుడు ఇట్లాంటివి కనపడతాయి. నొప్పి వచ్చినప్పుడు వార్త గూడా గుర్తుండదు, అందుకే ఆ పొద్దు పక్కన ఎర్రచుక్క పెట్టుకుంటా."

ఊరు దాటాక గాలిమరలు మొదలయ్యాయి. పొద్దు ఎదురుగా ఎక్కుతోంది. రెక్కల నీడలు రోడ్డు మీద తెగి తెగి పడుతున్నాయి. కాసేపటికి మంజుల పుస్తకం మూసి, కుడికన్ను మీద అరచేయి అదుముకుంది. నాకు అర్థమైంది. నా కొంగు అంచు చింపి దాని తల బిగించి కట్టాను.

"పెద్దమ్మా, అక్షరాలు సగమే కనపడతాండాయి," అంది మెల్లగా. పరీక్ష ఇంకా మూడు గంటలుంది.

రేణుక కిటికీకి తన తువ్వాలు అడ్డం కట్టి పక్కన కూర్చుంది. "నాకూ ఉండాది ఇది, పదేండ్ల నుంచి. ఏం తిన్న్యావు పాపా పొద్దున?"

"ఏం తినలేదు. నిన్న శనివారం కదా. మధ్యాహ్నం తిన్న్యా."

"నిన్న మధ్యాహ్నమా? నాకైతే కడుపు ఖాళీ అయితే చాలు, వచ్చేస్తాది. డాక్టరు మొదట చెప్పిందే అది, పస్తుండొద్దని. నీకు ఏ పొద్దుల్లో వస్తాది?"

మంజుల కన్ను తెరవకుండానే పుస్తకం నా ఒళ్ళోకి తోసింది. రేణుక తీసుకుని ఎర్రచుక్క ఉన్న తేదీలు ఒక్కొక్కటే చదివింది. నాకు చదువు మూడో తరగతితో ఆగిపోయింది గానీ, ఏ పొద్దు ఏం జరిగిందో మరిచిపోను. ఆమె మార్చి పన్నెండు అంది. ఆ పొద్దు మా ఎర్రావు ఈనింది, ఆదివారం. ఆగస్టు ఆరు అంది. మా పక్క చేలో బోరు లారీ వచ్చి దుమ్ము లేపి పోయింది, ఆదివారం. నవంబరులో ఒకటి చెప్పింది. శనివారం సాయంత్రం, దీపం పెడుతుంటే మంజుల వాకిట్లోనే కూలబడింది. ఇంకొకటి, ఆదివారం. ఇంకొకటి, ఆదివారం. పది చదివితే ఎనిమిది శని ఆదివారాలే. తక్కినవి రెండూ ఏకాదశులు, అవీ నేను ఉండమన్నవే.

రేణుక చదవడం ఆపింది. 

 నొప్పి వచ్చిందని ఒక్కపొద్దు పెట్టాను. ఒక్కపొద్దు పెట్టాను కాబట్టి నొప్పి వచ్చింది. అప్పుడప్పుడూ వచ్చేదాన్ని వారం వారం పిలిచి తెచ్చింది నేనే.

"నీకు తెలుసునా మంజూ?" అన్నాను.

"పోయిన ఏడే తెలిసింది."

"మరి ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు గూడా నాతోపాటు ఒక్కపొద్దు ఉంటాండావు కదా పెద్దమ్మా, పొద్దున టీ నీళ్ళు ఒక్కటి తాగి. ఎట్ల చెప్పాల?"

కాయ కొట్టకుండా ఒక్కపొద్దు విడిస్తే ఇంటికి కీడని మా అమ్మ చెప్పేది. నాకు యాభై ఆరేళ్ళు వచ్చినా ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ బస్సులో, కూడేరు ఇంకా రాకముందే డబ్బా మూత తీశాను. "మొక్కింది నేను. కీడొస్తే నాకే రానీ," అని చిత్రాన్నం ముద్ద చేసి పిల్ల నోట్లో పెట్టాను. నాలుగు ముద్దలు తిని వాంతి వస్తుందంది. రేణుక తన సంచిలోంచి నిమ్మకాయ తీసి ఇచ్చి వాసన చూడమంది. నెమ్మదిగా ఇంకో నాలుగు తింది. వేసుకునే మాత్ర ఏదో మంజుల దగ్గరే ఉంది, డాక్టరు ఎప్పుడో రాసిచ్చింది, పస్తున్నప్పుడు వేసుకోకూడదని దాచుకుందట. వేసుకుంది. దిగేటప్పుడు రేణుక నాతో గట్టిగానే చెప్పింది.

"ఆస్పత్రిలో నరాల డాక్టరుకు చూపించు పెద్దమ్మా. ఆముదం, బూట్లు, మొక్కులు కాదు."

ఎనిమిదింటికి బస్టాండు. పరీక్ష కాలేజీకి షేర్ ఆటో, మనిషికి ఇరవై. గేటు తొమ్మిదిన్నరకు మూస్తారు. ఒక గంట చెట్టు నీడలో మంజుల కళ్ళు మూసుకుని పడుకుంది. లేచి పుస్తకం అందుకుని ఒక పేజీ చూసింది. "అక్షరాలు పూర్తిగా కనపడతాండాయి," అంది. నొప్పి ఉంది గానీ తట్టుకోగలనంది.

గేటు దగ్గర ఇంకొకటి. కాపలా ఆయన కాళ్ళు చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"బూట్లు లోపలికి లేవమ్మా. చెప్పులైతేనే పో."

"కొత్తవి సామీ, మూడువందల యాభై," అన్నాను.

"మూడువేలైనా అంతే. హాల్ టికెట్టు వెనక రాసింది, చదవలేదా?"

వెనక్కి తిప్పి చూడాలని మా ఇద్దరికీ తోచలేదు. ఒకరి చెప్పులు ఇంకొకరు తొడిగితే శని అంటుకుంటుందంటారు మావాళ్ళు. నా చెప్పులు విడిచి పెట్టాను. మంజుల వెనకాడింది.

"శనినంతా పొద్దున బస్సులోనే చూసినాం, తొడుక్కో," అన్నాను. పెద్దవయ్యాయి, టపటపమని ఈడ్చుకుంటూ పోయింది. నేలేమో కాలుతోంది. అటూ ఇటూ చూసి ఆ బూట్లు నేనే తొడిగాను. వేళ్ళు ముడుచుకుని, మడమలు బయట పెట్టి, మూడు గంటలు.

ఒంటిగంటకు వచ్చింది. "వార్తలన్నీ రాసినా. లెక్కలు ఏడెనిమిది ఇడిసిపెట్టినా," అంది. మెస్సులో భోజనం చేశాము, ఒక్కొక్కటి తొంభై. అప్పుడు గుడికి పోయి కాయ కొట్టి, మొక్కు ఇంతటితో చాలించుకుంటున్నానని స్వామికి చెప్పాను.

మూడున్నరకు తిరుగు బస్సు. మంజుల నా భుజం మీద నిద్రపోయింది. అప్పుడు లక్ష్మికి ఫోను చేశాను. దాచకుండా చెప్పాను, నీ కూతురి నొప్పికి మూడేళ్ళుగా నేనే కారణమని. తిడుతుందనుకున్నాను. 

"అక్కా, తిట్టేదానికి నాకు నోరేడుంది? నువ్వు మొక్కినావని చెప్పినప్పటి నుంచి నేనూ ఉంటాండా ఈడ. పిల్ల పస్తుంటే నేనెట్ల తింటా?"

"ఇటుకలు మోస్తూనా?"

"శనివారం గూడా పని ఉంటాది కదా. రెండుసార్లు మూడో అంతస్తు మెట్ల మీద కండ్లు తిరిగినాయి. కమ్మీ పట్టుకున్న్యా."

మూడో అంతస్తు మెట్లంటే గోడలు ఇంకా లేని మెట్లు.  ఒక్క నోటితో మొక్కి ముగ్గురి కడుపులు మాడ్చాను. బస్సు కూడేరు దాటిందో లేదో కూడా నాకు తెలియదు.

తర్వాతి శనివారం సాయంత్రం ఏడింటికి లక్ష్మికి నేనే ఫోను చేశాను. పెట్టేయకుండా తినమన్నాను. రాగిముద్ద మింగేది వినపడదు గానీ, మధ్యలో ఉల్లిగడ్డ కొరికిన చప్పుడు వినిపించింది. ఇక్కడ మంజుల, నేను కూడా పళ్ళెం ముందు కూర్చున్నాము. ఆ పొద్దు నొప్పి రాలేదు. పరీక్ష ఫలితం ఇంకా తెలియదు.

అనంతపురం పోవడం కష్టమేం కాదు. కడుపు నింపుకుని బయలుదేరండి, చెప్పులతో పోండి. మీ ఇంట పొయ్యి ఏ వారమూ చల్లారకుండా, మీ పిల్లలు చెప్పలేక దాచుకున్న నొప్పి మీ చెవిన పడుతూ, మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ.