డిక్కీలో పది పలకలు

ఆ వయసులో మనిషికి ఏది అవసరమో అది కంటికి ఆనదు, ఏది అక్కర్లేదో అదే కలలోకి వస్తుంది. నా ఇరవై నాలుగో ఏట నాకు ఒక కారు వచ్చేది కలలోకి. దాని పేరు చెప్పను, తయారుచేసినవాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. మా నాయన పెళ్ళినాటి కాలపు బండి, పొడుగంటే పొడుగు, అందులో సగం ముందుకు పొడుచుకొచ్చిన ముక్కే. మార్కాపురంలో మేమంతా గేరుమామ అని పిలిచే మెకానిక్ దానికి ఇంకేదో పెద్ద ఇంజను ఎక్కించి, లావు టైర్లు వేసి, స్ప్రింగులు కోసి నేలకు జానెడు ఎత్తుకు దించి, నల్లరంగు కొట్టి షెడ్డు ముందు నిలబెట్టాడు. స్టార్ట్ చేస్తే పక్క వీధిలో చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. చూసిన రోజే అది నాదని తీర్మానించేసుకున్నాను.

అప్పుడే గిద్దలూరులో ఒక కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఉన్నవి రెండే దారులు. రోజూ కంభం మీదుగా సొంత బండిలో పోయి రావడం, లేదా గిద్దలూరులోనే మా మేనత్త ఇంట్లో ఉండడం. మేనత్త బంగారంలాంటి మనిషి (ఇది ఆమె చదువుతుందని రాస్తున్న మాట కాదు), కానీ ఆ ఇంట్లో చీకటి పడకముందే తలుపుకు గడియ పడుతుంది, నా ఫోను మోగితే ఎవరని మూడుసార్లు అడుగుతుంది. కాబట్టి నాకు ఆ కారంటే నా సాయంకాలాలన్నీ. పోతే అన్నీ పోతాయి. పైగా సోమవారం నంద్యాల నుంచి ఎవరో వచ్చి చూసుకుంటారని గేరుమామ ముందే చెప్పాడు. నా చేతిలో ఉన్నది ఒక్క ఆదివారం.

మా నాయనది బడిపిల్లలు రాసుకునే రాతిపలకల వ్యాపారం. కారు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కింద చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. "షోకుగానే ఉందమ్మా. పెళ్ళి ఊరేగింపుకైతే నేనే కడతా బాడుగ. రోజూ తిరిగేదానికి పనికొస్తదా అనేదే నా మాట."

"వస్తది నాయనా."

"నువ్వు చెప్తే ఎట్ల? పలక చెప్పాల."

మా వాళ్ళలో అదొక పద్ధతి. కొత్త డ్రైవరునైనా కొత్త బండినైనా నమ్మే ముందు చట్రం వేయని పలకలు కట్టకుండా పేర్చి ఒక ట్రిప్పు తిప్పుతారు. నాయన డిక్కీలో పిడికెడు గడ్డి పరిచి పది పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టాడు. "గుడ్డ చుట్టేది లేదు, పట్టుకునేది లేదు. గిద్దలూరు పోయి రా. పలక ఓర్చుకున్న కుదుపును నడుము ఓర్చుకుంటది. పదీ వస్తే బండి నీది." సాక్షిగా, పండక్కి వచ్చి తిరిగి పోతున్న మేనత్తను ఎక్కించాడు. బండి ఓడిపోతే నేను ఎవరింటికి చేరతానో ఆమెనే సాక్షిగా పెట్టడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఊరు దాటకముందే మూడు స్పీడు బ్రేకర్లు. మొదటిదాని మీద బండి కడుపు గీరుకుని కర్రుమంది. రెండోదానికి నేను చీమ నడకకు దిగి, అడ్డంగా ఏటవాలుగా ఎక్కించాను. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తీయలేదు. క్లచ్చు తొక్కాలంటే ఒంట్లో బలమంతా ఎడమకాలికి పోవాల్సిందే. ఇంజను వేడి కాళ్ళ దగ్గర నుంచి పైకి కొడుతోంది. తర్లుపాడు దాటేసరికి మేనత్త కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏంది పాపా ఇది, పొయ్యి ముందర కూర్చోబెట్టినట్టుంది" అంది. శబ్దానికి నాకు వినపడలేదనుకుని మళ్ళీ చెప్పింది. నాకు రెండుసార్లూ వినపడింది, కానీ నా చెవులు డిక్కీలో ఉన్నాయి. ప్రతి గుంటకూ ఊపిరి బిగబట్టేదాన్ని. నూట అరవై మీద పోగలిగే బండిని నలభై దాటకుండా నడపడం ఎంత నరకమో ఆ రోజు తెలిసింది. గిద్దలూరులో డిక్కీ తెరిచి మేనత్త వేలు పెట్టి లెక్కపెట్టింది. పది. ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది. "మీ నాయనకు ఫోన్ చేసి చెప్తాలే" అని లోపలికి పోయింది.

తిరుగుదారిలో నేను ఒక్కదాన్నే. సగం గెలిచాననే పొగరు ఒకటి తోడు. బేస్తవారిపేట దాటాక మలుపులో మేకల మంద రోడ్డు మీదికి వచ్చింది. బ్రేకు మీద నిలబడ్డాను. బండి ఆగింది, మేకలు దాటాయి, వెనక నుంచి టప్పుమని ఒక్క చప్పుడు. దిగి డిక్కీ తెరవడానికి నాకు ధైర్యం చాలలేదు, రెండు నిమిషాలు స్టీరింగు పట్టుకునే కూర్చున్నాను. తీరా తెరిస్తే, పైపలక ఈ మూల నుంచి ఆ మూలకు చీలింది. కలిపి పెడితే అతికినట్టే ఉంది, చెయ్యి తీస్తే విడిపోతోంది. ఎండలో నిలబడి ఏడుపు ఆపుకోవడం కష్టమైంది.

తర్వాత నేను చేసిన పని ఒక లెక్కల టీచరుకే తోస్తుంది. పదిలో ఒకటి తీసి ఒకటి కలిపితే పదే. మార్కాపురం పొలిమేరల్లో ఒక పలకల షెడ్డు దగ్గర ఆగి అదే కొలత పలక ఒకటి కొన్నాను. "మీ నాయన కాడ పలకలకు కరువొచ్చిందా పాపా?" అని నవ్వినాడు షెడ్డాయన. కాలేజీ పని మీద అన్నాను. రెండు ముక్కల్నీ ఒక తుమ్మచెట్టు కింద వదిలేసి, కొత్తదాన్ని మధ్యలో దూర్చి, ఇంటికి వచ్చాను.

నాయన పలకలు బయటికి తీసి ఒక్కొక్కటే ఎత్తి వేలి మెటికతో కొట్టాడు. పగులు లేని పలక గంటలా మోగుతుంది. ఒకటి మోగింది. రెండు. మూడు. పదీ మోగాయి. అమ్మయ్య అనుకునేలోపే ఒకదాన్ని వెలుతురుకు పట్టి, బొటనవేలితో అంచు తడిమి, పక్కన విడిగా పెట్టాడు.

"తొమ్మిది మనవి. ఇది మన రాయి కాదు."

పలకల వ్యాపారికి పలకతోనే టోపీ పెట్టబోయిన తెలివి నాది. నాయన కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. "పిచ్చిదానా, లారీలో గడ్డి కూరి పంపినా ఒకటీ అరా పోతాయి. తొమ్మిదొచ్చినా నీకే ఇద్దామనుకున్నా." ఆ పలకను నా వైపు జరిపాడు. "ఒక్కపూట నడిపినందుకే నాకు దొంగపలక పెట్టినావు. రోజూ నడిపితే ఇంకేం పెడతావో."

మర్నాడు పొద్దున్నే తాళాలు నేనే తీసుకుపోయి ఇచ్చాను. "ఏం పాపా, రోజూ తిరగనీకి పనికిరాదన్నాడా మీ నాయన?" అన్నాడు గేరుమామ. "బండి పాసయింది మామా. నేనే ఫెయిలయినా" అన్నాను. బండి నంద్యాల పోయింది, నేను మేనత్త ఇంటికి పోయాను. రెండేళ్ళు గడియ చప్పుడు వింటూ బతికాను.

ఇప్పుడు నాకొక చిన్న తెల్లకారు ఉంది. దాన్ని రోడ్డు మీద ఎవరూ తిరిగి చూడరు. స్పీడు బ్రేకరు వచ్చింది కూడా తెలియదు. నాయన్ను పక్కన కూర్చోబెట్టుకుని గిద్దలూరు పోతుంటే కంభం రాకముందే నిద్రపోతాడు. ఆ పొడుగుముక్కు బండి అయితే ఆయనకిట్లా నిద్ర పట్టేదా, పోనిచ్చి మంచిపనే చేశావని ఆనాటి పిచ్చిపిల్లకు చెప్తుంటాను. అది నా మాట సగమే నమ్ముతుంది. మిగతా సగం నేనూ నమ్మను.