తాతయ్య మోసిన ఏడు ఓట్లు

నా చిన్నప్పుడు, ఒక బుధవారం సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు, మా తాతయ్య చాయ్ గ్లాసు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నారు. మేము అప్పుడు విదేశంలో, పాపకూర అనే ఊళ్లో ఉండేవాళ్లం. ఆయన కరీంనగర్ నుంచి మా దగ్గర ఉండడానికి వచ్చారు. టీవీలో అమెరికా పటం ఒక్కో రాష్ట్రమే ఎర్రగానో నీలంగానో మారుతోంది. ఏ దేశపు ఎన్నికలైనా సరే, లెక్కింపు తేలేదాకా తాతయ్య లేచేవారు కాదు.

కొన్నాళ్లకు, అక్కడ ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే ఓడిపోయారని బడిలో విన్నాను. అదెలా అని అడిగితే తాతయ్య వెంటనే చెప్పలేదు. "క్రిస్మస్ సెలవులు రానీ బిడ్డా, చూపిస్త" అన్నారు.

సెలవుల్లో మేమూ పక్కింటి అంకుల్ వాళ్లూ కలిసి రెండు బండ్లలో ఎక్కడికైనా వెళ్లేవాళ్లం. ఆసారి సముద్రం ఒడ్డునున్న టౌరంగాకు వెళ్లాలా, రోటరువాలో వేడినీటి కొలనులకు వెళ్లాలా అన్నది తేలలేదు. నాకు టౌరంగాయే కావాలి. నా స్నేహితురాలు వాళ్లమ్మ ఉద్యోగం వల్ల అక్కడికి మారిపోయింది. జనవరిలో వాళ్లు ఆస్ట్రేలియా వెళ్లిపోతున్నారు. ఇప్పుడు చూడకపోతే ఇక చూడలేను.

అమెరికా పద్ధతిలో తేల్చుదామన్నారు తాతయ్య. ఒక్కో బండీ ఒక రాష్ట్రం. బండిలో ఎంతమంది ఉంటే అన్ని ఓట్లు. అయితే బండిలో ఎక్కువమంది ఎటంటే ఆ ఓట్లన్నీ అటే. అక్కడ దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఇంతేనట. చివరికి ఆ ఓట్లు వేయడానికి మనుషులను పంపుతారు. "అక్కడ రాష్ట్రానికి ఎందరో ఉంటరు. మనకు బండికొక్కరు చాలు."

"వాళ్లు మాట తప్పితే?" అన్నాను.

"అప్పుడప్పుడు తప్పుతరు."

మా కారులో అమ్మ, నాన్న, తమ్ముడు, నేను, నలుగురం; నలుగురికీ టౌరంగాయే. అంకుల్ వ్యాన్‌లో ఏడుగురు. మోకాళ్ల నొప్పుల వల్ల తాతయ్య అందులోనే ముందు సీట్లో కూర్చునేవారు. అంకుల్, ఆంటీ, అంకుల్ అమ్మానాన్నలు రోటరువా అన్నారు. అంకుల్ వాళ్ల అబ్బాయిలిద్దరూ, తాతయ్యా టౌరంగా అన్నారు. ముగ్గురి కంటే నలుగురే ఎక్కువ కాబట్టి వ్యాన్ ఏడు ఓట్లూ రోటరువాకే; ఆ మాట చెప్పడానికి, పెద్దవారని, తాతయ్యనే పంపారు.

"పెద్దాయన మనవరాలి దిక్కు దుంకుతడు, చూస్కోండి!" అని అంకుల్ నవ్వారు. నేనూ అదే ఆశతో ఉన్నాను.

అందరం మా గ్యారేజ్‌లో చేరాం. అమ్మ "టౌరంగా, నాలుగు" అంది. తాతయ్య లేచి నిలబడి, నా వైపు ఒకసారి చూసి, "రోటరువా, ఏడు" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. "నీకూ టౌరంగానే ఇష్టం కదా! లెక్కపెట్టు, మేమే ఏడుగురం, వాళ్లు నలుగురే!"

"ఇష్టమే బిడ్డా. కానీ నా ఇష్టం చెప్పమని పంపలేదు గద నన్ను. నమ్మి పంపిన్రు."

"ఇదేం పద్ధతి?"

"మంచి పద్ధతని నేనన్ననా? నచ్చకపోతే వచ్చేసారికి మార్చుదాం. లెక్క అయినంక మార్చొద్దు."

బయల్దేరే రోజు తాతయ్య వ్యాన్ ఎక్కలేదు. మా చిన్న కారు వెనుక సీట్లో, నాకూ తమ్ముడికీ మధ్య, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. "బాపూ, కాళ్లు పట్టేస్తయి" అని అమ్మ ఎంత చెప్పినా వినలేదు. నన్ను ఓదార్చలేదు, తన నిర్ణయాన్ని సమర్థించుకోనూ లేదు. దారిలో నేనే అలిసిపోయి ఆయన భుజం మీద తల పెట్టాను. నేను లేచేదాకా ఆయన కదల్లేదని తమ్ముడు తర్వాత చెప్పాడు.

నా స్నేహితురాలిని మళ్లీ చూడలేదు. ఆ బాధ నిజమే, అది తాతయ్యకూ తెలుసు. అయినా ఇప్పుడు ఆఫీసులో నలుగురి తరఫున మాట్లాడాల్సి వస్తే, వాళ్లు చెప్పింది చెప్పినట్టే చెబుతాను. నా అభిప్రాయం ఉంటే, అది నాదేనని విడిగా చెబుతాను. అలా చెప్పేటప్పుడు ఒక్కోసారి నాకే నష్టం. అప్పుడు తాతయ్య పక్కన ఇరుకుగా కూర్చున్నట్టే ఉంటుంది.

అందరినీ కూడగట్టేది తాతయ్యే; ఆయన పోయాక, మా రెండు ఇళ్లవాళ్లం కలిసి ప్రయాణాలు చేయడం లేదు.