పందెం గుర్రం తాడు విప్పిందెవరు

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడనుకుంటాను. ఆఫీసులో ఎవరైనా టీ ఇప్పిస్తే ఏ ఫైలు కదపాలో అనుకుంటాను. అలాంటివాడి గుర్రం తాడు రోజూ ఎవరో విప్పేస్తుంటే ఊరుకుంటానా?

అది మామూలు గుర్రం కాదు, పందెం గుర్రం. అనకాపల్లి దగ్గర మా మేనమామ ఊళ్ళో కొని, ఓడ మీద అండమాన్‌కి, పోర్ట్ బ్లెయిర్ తెచ్చుకున్నాను. దారి పొడుగునా దాని పక్కనే కూర్చున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళు అమ్మవారి పండక్కి మైదానంలో పెట్టే పరుగులో రెండేళ్ళు వరసగా అదే ముందు. మిడిల్ పాయింట్ పేటలో మా ఆఫీసువాళ్ళు నన్ను గుమాస్తా అనడం మానేసి ‘గుర్రపాయన’ అనేవాళ్ళు. అబ్బో, ఎంత పొగరో నాకు!

సునామీ నాటికి అమ్మా నేనూ ఊరి బయట సిప్పీఘాట్‌లో ఉండేవాళ్ళం. పొద్దున్నే భూమి ఊగింది. కాసేపటికి వాగు వెంట సముద్రం పొలాల్లోకి వచ్చేసింది. మేం రోడ్డెక్కి బతికాం. పాకలో ఉన్న మా రెండు ఆవులూ కట్టేసిన చోటే పోయాయి. గుర్రం మాత్రం తాడు తెంపుకుని, ముళ్ళకంచె మీంచి దూకి పారిపోయి, మూడో రోజున కుంటుతూ దొరికింది.

పశువుల డాక్టరు ముందు కాలు తడిమి, “నరం చిట్లింది. ఆరు నెలలు కదలనివ్వకండి. ఈలోగా ఒక్కసారి పరిగెత్తిందా, జన్మంతా కుంటిదే” అన్నాడు. మళ్ళీ దాన్ని పరుగులో చూడాలి, అంతే. ఇంకేదీ అక్కర్లేదనిపించింది.

ప్రోతరాపూర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. పక్కింటాయన రిటైరైన బస్సు డ్రైవరు, ఇక్కడే పుట్టి, సగం హిందీ కలిపిన తెలుగు మాట్లాడేవాడు. తన పెరట్లో ఖాళీగా ఉన్న పాక గుర్రానికి ఇచ్చాడు. ఊరికే ఎందుకిచ్చాడు? నాకు అక్కడే మొదలైంది.

సాయంత్రం నేనే గట్టిగా కట్టేవాణ్ణి. పొద్దున ఏడింటికి లేచి వెళ్తే గుర్రం పాకలోనే ఉండేది, తాడు మాత్రం కింద పడి ఉండేది. తెగలేదు, శుభ్రంగా విప్పి ఉంది! కాలికట్టు నిండా బురద. వాపు తగ్గదే! డాక్టరు నన్నే కేకలేశాడు. పక్కింటాయన గుర్రాన్ని కుంటిదాన్ని చేసి, చవగ్గా కొట్టేద్దామని చూస్తున్నాడని తేల్చేశాను. ఒక సాయంత్రం పాక ముందు పొయ్యి బూడిద చల్లాను. పొద్దున చూస్తే ఆయన పెద్ద పెద్ద పాదాలు అచ్చుగుద్దినట్టున్నాయి. అమ్మ చెప్పుల జాడలూ ఉన్నాయి కానీ, అమ్మ రోజూ అక్కడ ఊడుస్తుంది కదా, వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడు ఆరున్నరకే లేచాను. ఆయన గుర్రాన్ని జుట్టు పట్టుకుని రోడ్డు మీంచి తీసుకొస్తూ దొరికిపోయాడు. ఒళ్ళు మండిపోయి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అంతా విని, “అరే భయ్యా, ఘోడాకి కాదు, నీకు ఇలాజ్, వైద్యం కావాలి. కల్ ఇంకా ముందు లే. ఆరింటికే వచ్చి చూడు” అని వెళ్ళిపోయాడు.

లేచాను. మర్నాడు ఆరింటికి వెళ్తే పాకలో అమ్మ ఉంది. నా ముడిని గోళ్ళతో, పళ్ళతో విప్పుతోంది.

“అమ్మా! నువ్వా?”

“నానేరా” అంది, చెయ్యి ఆపకుండానే. “భూమి ఊగింది ఈ ఏళకే కదా. ఆ దినం ఆవుల్ని కట్టింది ఎవులు? పాలు పిండీసి, గట్టిగా ముడేసొచ్చినాను. ఇప్పీసుంటే అవీ పరిగెట్టీవి.”

“దీని కాలు పోతుందే!”

“పోనీ. పానం ఉంటాది.”

నాకు ఏడుపొచ్చింది. రోజూ తాడు విప్పాక గుర్రం రోడ్డెక్కేదట. పక్కింటాయన పట్టుకొచ్చి పాకలో పెట్టి, అమ్మ చెప్పొద్దంటే నాకు చెప్పలేదట. క్షమించమనడానికి నోరు రాక జిలేబీ పట్టుకెళ్ళాను. “ఇందులో ఏం కలిపావ్ భయ్యా?” అని నవ్వి, తిన్నాడు.

తాడు తీసేశాం. పాక వాకిలికి అడ్డంగా రెండు వెదురు బొంగులు పెట్టాం. తోస్తే పడిపోయేవే. ముడి లేదు కాబట్టి అమ్మ ఒప్పుకుంది, కానీ రోజూ ఆరింటికి వెళ్ళి గుర్రం పక్కన కూర్చునేది. డాక్టరు ఆరు నెలలూ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. పక్కింటాయన కాలికి చన్నీళ్ళు పోసేవాడు, నేను కట్టు మార్చేవాణ్ణి. భూమి చిన్నగా ఊగినప్పుడల్లా ముగ్గురం పాక దగ్గరే తేలేవాళ్ళం.

వానలు తగ్గాక డాక్టరు సరే అన్నాడు. ఇంటి వెనక మిట్ట మీదికి దాన్ని వదిలాం. మొదట నడిచింది, తర్వాత ఒక్కసారిగా అందుకుంది. పాత వేగం లేదు. పందెం మాట ఇక మర్చిపోవచ్చని నాకు తెలిసిపోయింది. అమ్మ మాత్రం చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, “నీరందనంత పై దాకా ఎక్కీసిందా?” అనడిగింది. ఎక్కేసిందన్నాను.

ఆ సాయంత్రం పాత తాడు వెతికి అమ్మే గుర్రాన్ని కట్టింది. నేను ఆ ముడి చూడ్డానికి వెళ్ళాను, జబ్బు ఎక్కడికి పోతుంది? ఒక్క లాగుకి ఊడిపోయే జారుముడి. దాన్ని నేను బిగించలేదు.